గోరంత ప్రాణి – కొండంత కావలి

ప్రవేశిక

పైరును నాశనం చేసే పురుగులను మనం ఎరుగుదుము. ఆ పురుగులను నాశనం చేసే పురుగులు కూడా అదే చేలో, అదే ఆకు మీద జీవిస్తున్నాయని చాలామంది ఎరుగరు. రైతుకు కూలి అడగని కావలివారైన ఆ సూక్ష్మప్రాణుల జీవనవిధానాన్నీ, గుంటూరు, ప్రకాశం మండలాల ప్రత్తి, మిరప చేలతో వాటికి గల సంబంధాన్నీ వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మన తత్త్వగ్రంథాలలో భ్రమరకీటన్యాయమని ఒక న్యాయం ప్రసిద్ధంగా ఉంది. తుమ్మెద ఒక పురుగును పట్టి తెచ్చి మట్టిగూటిలో బంధించి, దాని చుట్టూ ఝుంకారం చేస్తూ తిరుగుతుందట. ఆ పురుగు భయంతో తుమ్మెదనే తలచి తలచి, చివరకు తానే తుమ్మెదగా మారి గూడు వీడి ఎగిరిపోతుందట. దేనిని ఎడతెగక ధ్యానిస్తామో దాని రూపమే పొందుతామని బోధించడానికి భాగవతం మొదలైన గ్రంథాలు ఈ దృష్టాంతాన్ని గ్రహించాయి.

ఈ న్యాయంలోని ఆధ్యాత్మికార్థాన్ని అలా ఉంచి, దాని వెనుక ఉన్న పరిశీలనను చూడండి. మట్టిగూటిలోనికి పోయినది పురుగు. బయటికి వచ్చినది రెక్కల ప్రాణి. ఇది మన పూర్వులు కళ్ళారా చూసిన సత్యమే. అయితే గూటి లోపల ఏమి జరిగిందో వారికి కనిపించలేదు. నేటి కీటకశాస్త్రం ఆ గూటి తలుపు తెరచి చూపింది. మట్టిగూడు కట్టే కందిరీగ గొంగళిపురుగును కుట్టి, చంపక, కదలలేని స్థితికి తెచ్చి గూటిలో చేర్చుతుంది. తన గుడ్డును కూడా అక్కడే పెట్టి ద్వారం మూసివేస్తుంది. గుడ్డు నుండి వెలువడిన పిల్లపురుగు ఆ గొంగళినే ఆహారంగా తిని పెరిగి, కందిరీగగా మారి గూటిని తొలుచుకొని వస్తుంది. పురుగు తుమ్మెద కాలేదు. పురుగును తిని తుమ్మెద పెరిగింది.

ఇటువంటి పొరపాటు పాశ్చాత్యులకూ తప్పలేదు. ఇటలీ దేశపు అల్డ్రోవాండి అనే పండితుడు 1602లో ప్రకటించిన గ్రంథంలో, క్యాబేజీ ఆకులను తినే గొంగళిపురుగు దేహం మీద కనిపించిన చిన్నచిన్న పట్టుగూళ్ళను ఆ గొంగళి పెట్టిన గుడ్లుగా భావించాడు. అవి గుడ్లు కావనీ, గొంగళి శరీరంలో పెరిగి బయటపడిన వేరొక కీటకపు గూళ్ళనీ సుమారు నూరేండ్ల తరువాత అదే దేశానికి చెందిన వల్లిస్నేరి సరిగా వివరించాడు.

ఇలా ఒక కీటకం మీద గాని, కీటకం లోపల గాని పెరిగి, తనకు ఆశ్రయమిచ్చిన దానిని చివరకు చంపివేసే కీటకాలను మన వ్యవసాయ శాస్త్రజ్ఞులు 'బదనికలు' అంటారు. బదనిక అనే మాట తెలుగువారికి కొత్తది కాదు. మామిడి, వేప మొదలైన చెట్ల కొమ్మలపై మొలిచి, ఆ చెట్టు సారాన్నే పీల్చి బ్రతికే మొక్కకు అది పాత పేరు. ఆ పేరే కీటకాలకు సంక్రమించింది. పరాన్నభుక్కుకూ బదనికకూ గల భేదాన్ని ఇక్కడ గుర్తించాలి. గేదెను పట్టిన పిడుదు నెత్తురు త్రాగుతుంది గాని సాధారణంగా గేదెను చంపదు. సాలెపురుగు, అక్షింతల పురుగు వంటి పరభక్షకాలు ఒక్కొక్కటి తన జీవితకాలంలో అనేక పురుగులను చంపి తింటాయి. బదనిక ఈ రెంటికీ మధ్యది. దానికి ఒక్క పురుగు చాలు. కాని ఆ ఒక్కటీ బ్రతకదు.

ఈ జీవనవిధానం చూచేవారికి క్రూరంగా తోస్తుంది. చార్లెస్ డార్విన్ అంతటివాడు 1860లో తన మిత్రునికి వ్రాసిన లేఖలో, బ్రతికి ఉన్న గొంగళి దేహాన్ని లోపలి నుండి తినే ఈ కీటకాలను కరుణామయుడైన దేవుడు బుద్ధిపూర్వకంగా సృష్టించాడని తాను నమ్మలేకున్నానని తెలిపాడు. గొంగళి పక్షాన నిలిచి చూస్తే అది క్రౌర్యమే. ఆ గొంగళి కొరికి తినే ఆకు పక్షాన, ఆ ఆకును నమ్ముకొన్న రైతు పక్షాన నిలిచి చూస్తే అదే రక్షణ. ప్రకృతికి దయ గాని, ద్వేషం గాని లేవు; తూకం మాత్రమే ఉంది.

బదనికలలో చాలావరకు కందిరీగ జాతికి చెందినవే. అయితే మనలను కుట్టే కందిరీగలను ఊహించుకోకూడదు. వీటిలో అనేకం చీమ కంటే చిన్నవి. ఇవి మనుష్యులకు హాని చేయవు. కొన్ని శత్రుకీటకం గుడ్డులో, కొన్ని గొంగళిలో, మరికొన్ని దాని నిద్రావస్థ అయిన ప్యూపాలో తమ గుడ్లు పెడతాయి. గుడ్డు దశలోనే శత్రువును తుదముట్టించేవి రైతుకు ఎక్కువ మేలు చేస్తాయి. ఎందుకంటే ఆ పురుగు ఒక్క ఆకునైనా కొరకక ముందే నశిస్తుంది.

అటువంటి గుడ్డు బదనికలలో ప్రసిద్ధమైనది ట్రైకోగ్రామా. దీని పొడవు అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఆవగింజ మీద రెండు మూడు నిలువగలవంటే దాని పరిమాణం అత్యల్పమని తెలుస్తుంది. శనగపచ్చ పురుగు తల్లి ప్రత్తి లేత ఆకులపైన, మొగ్గలపైన గసగసాల గింజంత గుడ్లను ఒక్కొక్కటిగా పెడుతుంది. ట్రైకోగ్రామా ఆ గుడ్డును వెదకి పట్టుకొని, మీసాలతో తడిమి చూసి, సూది వంటి అవయవంతో దానికి రంధ్రం చేసి లోపల తన గుడ్డు పెడుతుంది. మూడు నాలుగు దినాలలో శనగపచ్చ పురుగు గుడ్డు నల్లబడుతుంది. వారం పది దినాలకు దాని నుండి గొంగళికి బదులు కొత్త ట్రైకోగ్రామా వెలువడుతుంది.

పొగాకు లద్దెపురుగు మరింత జాగ్రత్తపరురాలు. అది వందలకొద్దీ గుడ్లను గుంపుగా పెట్టి, తన దేహపు నూగుతో కప్పివేస్తుంది. ఈ దుప్పటిని దాటడం ట్రైకోగ్రామాకు కష్టం. అందువల్ల ఈ పురుగుపై ప్రయోగించడానికి టెలినోమస్ రీమస్ అనే మరొక గుడ్డు బదనికను 1963లో న్యూగినీ ద్వీపం నుండి మన దేశానికి తీసుకొని వచ్చారు. ఇక గొంగళులుగా మారిన తరువాత వాటిని వేటాడడానికి కాంపోలెటిస్, కొటీసియా, బ్రాకన్ మొదలైన బదనికలు ఉన్నాయి.

తెనాలి పరిసరాలలోని నిమ్మతోటలను గమనించినవారికి లేత ఆకుల మీద పాము ప్రాకినట్లు వెండి వన్నె గీతలు కనిపిస్తాయి. అది ఆకు తొలుచు పురుగు చేసే పని. ఈ చిన్న రెక్కల పురుగు పిల్ల ఆకు పై పొర క్రిందనే సొరంగం తొలుచుకొంటూ పోతుంది. ఆకు ముడుచుకొనిపోవడమే కాక, ఆ గాయాల ద్వారా గజ్జి తెగులు కూడా ప్రవేశిస్తుంది. పొర క్రింద దాగిన పురుగుకు పైన చల్లిన మందు అందడం కష్టం. బదనికకు మాత్రం ఆ పొర అడ్డం కాదు. 1856లో కలకత్తా నుండి పంపిన నమూనాలను బట్టి శాస్త్రలోకం ఎరిగిన ఈ పురుగు 1993లో అమెరికాలోని ఫ్లోరిడా తోటలలో బయటపడి తీవ్రనష్టం కలిగించింది. దాని సహజశత్రువులు దాని వెంట పోకపోవడమే అందుకు ముఖ్యకారణం. మరుసటి సంవత్సరమే ఆసియాకు చెందిన అజెనియాస్పిస్ అనే బదనికను అక్కడికి తెప్పించి విడిచారు. మధ్యధరా సముద్రతీరపు తోటలలోనూ ఆసియా నుండి వెళ్ళిన మరొక బదనిక ఆ పురుగును అదుపులోనికి తెచ్చింది. మన తోటలలో ఎవరూ పిలువకయే పని చేస్తున్న కావలివారి విలువ, వారు లేని దేశాలకు ముందుగా తెలిసివచ్చింది.

మరి ఇంతటి కావలి ఉండగా మన చేలకు ఆపద ఎలా వచ్చింది? ఈ ప్రశ్నకు సమాధానం గుంటూరు, ప్రకాశం మండలాల నల్లరేగడి భూముల ఇటీవలి చరిత్రలో ఉంది.

1970ల నుండి ఈ ప్రాంతంలో ప్రత్తి సాగు విస్తరించింది. ఆదాయం పెరిగిన కొద్దీ పెట్టుబడి పెరిగింది. 1980ల ఆరంభంలో సింథటిక్ పైరిత్రాయిడ్ అనే కొత్తరకం పురుగుమందులు వచ్చాయి. అవి తొలుత అద్భుతంగా పని చేశాయి. ఒక్కసారి చల్లితే పురుగు రాలిపోయేది. రైతు సంతోషించాడు. కాని ఆ మందుకు శత్రువెవరో మిత్రుడెవరో తెలియదు. శనగపచ్చ పురుగుతో పాటు దానిని అదుపు చేసే బదనికలు, అక్షింతల పురుగులు కూడా రాలిపోయాయి. పైగా పురుగులలో ఏ కొన్నింటికో ఆ మందును తట్టుకొనే శక్తి పుట్టుకతో ఉంటుంది. తక్కినవి చావగా అవే మిగిలి, వాటి సంతతే పెరిగింది. మందు తగ్గితే పురుగు చావదని ఎక్కువ మందు, ఎక్కువసార్లు చల్లడం మొదలైంది. పదిహేను ఇరవై మార్లు మందు చల్లిన చేలు కూడా ఉన్నాయి.

ఆ తరువాత జరిగినది మనం మరువరానిది. 1980ల మధ్యభాగంలో తెల్లదోమ విజృంభించింది. 1987లో శనగపచ్చ పురుగు పైరిత్రాయిడ్ మందులకు లొంగడం లేదని ఆంధ్రప్రదేశ్ ప్రత్తి చేలలో తేలింది. 1987-88లో పంట పోయి, అప్పు మిగిలి, ప్రకాశం, గుంటూరు మండలాలలో పలువురు రైతులు ప్రాణాలు తీసుకొన్నారు. ఏ పురుగును చంపడానికి కొన్నారో ఆ మందునే త్రాగి మరణించినవారు వారిలో ఉన్నారు. పదేండ్లకు, 1997-98లో, వరంగల్లు ప్రాంతంలో అదే దుఃఖం పునరావృతమైంది. ఈ మరణాలకు పురుగు ఒక్కటే కారణం కాదు. కౌలు, వడ్డీ, ధర, వాన అన్నీ కారణాలే. అయితే పెట్టుబడిలో పెద్దభాగం మందుకే పోవడం, ఆ మందు పని చేయకపోవడం రైతు మెడకు చుట్టుకొన్న ఉచ్చును బిగించాయి.

ఈ అనుభవం నుండియే సమగ్ర సస్యరక్షణ అనే ఆలోచన మన రాష్ట్రంలో బలపడింది. మందును అసలే వాడవద్దని దాని అర్థం కాదు; దానిని మొదటి ఆయుధంగా కాక చివరి ఆయుధంగా వాడాలని అర్థం. మొదట చేలో లింగాకర్షక బుట్టలు పెట్టి రెక్కల పురుగుల రాకను గుర్తించాలి. ఆముదం, బంతి వంటి ఎర పంటలు వేయాలి. పక్షులు వాలడానికి కొమ్మలు పాతాలి. వేపగింజల కషాయం వాడాలి. బదనికలను కాపాడాలి, చాలకపోతే తెచ్చి విడవాలి.

బదనికలను తెచ్చి విడవడం ఎలాగంటే, ప్రయోగశాలలో జొన్న మొదలైన ధాన్యపు నూకపై బియ్యపు రెక్కల పురుగును పెంచి, దాని గుడ్లను సేకరించి, అట్టముక్కపై జిగురుతో అంటిస్తారు. ఆ గుడ్లలో ట్రైకోగ్రామా చేత గుడ్లు పెట్టిస్తారు. దానినే ట్రైకోకార్డు అంటారు. ఒక్కొక్క కార్డు మీద సుమారు ఇరవై వేల గుడ్లు ఉంటాయి. ప్రత్తిలో హెక్టారుకు లక్షన్నర, అనగా ఎకరాకు సుమారు మూడు కార్డుల చొప్పున, వారానికొకసారి విడవాలని శాస్త్రజ్ఞుల సిఫారసు. కార్డును చిన్న ముక్కలుగా కత్తిరించి, ఎండ తగలకుండా ఆకుల అడుగుభాగాన సాయంకాలం గుచ్చాలి. ఇటువంటి జీవనియంత్రణ పరిశోధనల కోసం 1977లో అఖిలభారత స్థాయిలో ఒక పథకం ఆరంభమైంది. అదే క్రమంగా పెరిగి నేడు బెంగుళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థగా రూపొందింది. గుంటూరు సమీపాన లాం గ్రామంలోని వ్యవసాయ పరిశోధన స్థానం ప్రత్తి, మిరప రైతులకు సుపరిచితమైనదే.

కొన్ని సంవత్సరాల క్రితం విద్యార్థులతో కలిసి ఒక ప్రత్తి చేనికి వెళ్ళిన సందర్భం నాకు గుర్తున్నది. ఆ చేను కౌలుకు చేస్తున్న పెద్దాయన అప్పటికే పంపు భుజాన వేసుకొని సిద్ధంగా ఉన్నాడు.

"గుడ్లు కనపడుతున్నాయి మాస్టారూ! ఇవాళ కొట్టకపోతే రేపు పురుగే. మందు అప్పు మీద తెచ్చాను" అన్నాడు.

మా విద్యార్థులలో రైతుబిడ్డ ఒకడు ముందుకు వెళ్ళి, "బాబాయ్ గారూ, ఒక్క నిమిషం ఆగండి" అని ఆకు త్రిప్పి చూశాడు. గుడ్లు పసుపు కలిసిన తెలుపు వన్నెలో కాక నల్లగా మెరుస్తున్నాయి. "ఇవి చచ్చిన గుడ్లండీ. వీటిలో మన పురుగు లేదు. దాన్ని తినే ఈగ ఉంది. ఇప్పుడు మీరు మందు కొడితే అదే చస్తుంది" అన్నాడు.

పెద్దాయన నమ్మలేదు. "పొదిగే ముందు ఏ గుడ్డయినా నల్లబడదా అబ్బాయ్?" అన్నాడు. ఆ సందేహం న్యాయమైనదే. పొదగబోయే మామూలు గుడ్డు కూడా కొంత ముదురు వన్నెకు తిరుగుతుంది. కాని బదనిక ఉన్న గుడ్డు అంతటా సమానంగా నల్లబడి, రోజులు గడిచినా పొదగక అలాగే ఉంటుంది. వాదన మాని పరీక్షకు పూనుకొన్నాము. నల్లని గుడ్లు గల ఆకులను గాజుసీసాలో వేసి, పలుచని గుడ్డతో మూతి కట్టి ఆయన చేతికే ఇచ్చాము. ఆయన చేనంతా తిరిగి, నల్లనివెన్నో తెల్లనివెన్నో లెక్కించుకొని, మందు వాయిదా వేశాడు. అయిదవనాడు సీసా గోడలపై నలుసుల వంటి ప్రాణులు పైకి క్రిందికి తిరుగుతూ కనిపించాయి.

ఆ సంవత్సరం ఆయన మందు అసలే కొట్టలేదని చెప్పితే అది అసత్యమవుతుంది. తరువాత రెండుసార్లు కొట్టవలసి వచ్చింది. కాని ఆకు త్రిప్పి చూడకుండా పంపు ఎత్తలేదు. "ఇన్నేళ్ళూ కావలివాణ్ణి చంపి దొంగను వెతికాను మాస్టారూ!" అని ఆయన అన్న మాట నేను చదివిన ఏ గ్రంథంలోని సూక్తికీ తీసిపోదు.

బదనికలు సర్వరోగనివారిణి కావు. కార్డు తెచ్చి రెండు రోజులు ఎండలో ఉంచితే అది వట్టి అట్టముక్కే. చీమలు దానిని ఖాళీ చేయగలవు. పక్క చేలో మందు చల్లితే గాలికి వచ్చిన తుంపరలే వాటిని చంపగలవు. అందువల్ల ఈ పద్ధతి ఒక్క రైతు ఆచరిస్తే చాలదు; ఊరంతా కలిసి ఆచరించాలి. ఖమ్మం ప్రాంతంలో పాల్వంచకు సమీపాన ఉన్న పునుకుల గ్రామప్రజలు అలా కలిసికట్టుగా ప్రయత్నించి, 2003లో తమ గ్రామం పురుగుమందులు వాడని గ్రామమని ప్రకటించుకొన్నారు.

2002లో మన దేశంలో బీటీ ప్రత్తికి అనుమతి లభించింది. దానితో శనగపచ్చ పురుగు బెడద తగ్గింది గాని కథ ముగియలేదు. కాలక్రమాన గులాబీరంగు పురుగు ఆ విత్తనంలోని విషానికి అలవాటు పడింది. మిరపలో 2021లో నల్లతామర పురుగు విజృంభించి గుంటూరు, ప్రకాశం రైతులను కన్నీరు పెట్టించింది. కొత్త మందు, కొత్త విత్తనం వచ్చిన ప్రతిసారీ ఇక పురుగు పని అయిపోయినదని అనుకోవడం, కొన్నేండ్లకు మరొక కీటకోపద్రవాన్ని ఎదుర్కోవడం మనకు పరిపాటి అయింది. ఏకైక ఆయుధాన్ని నమ్ముకొన్నవానికి యుద్ధం ముగియదని దీని సారాంశం.

కావలివారికి మనం చేయవలసినది గొప్ప సేవ ఏమీ కాదు. ఎదిగిన బదనికలు పూలతేనె త్రాగి బ్రతుకుతాయి కనుక గట్ల మీద నాలుగు బంతిమొక్కలు, కొంత కొత్తిమీర పూయనివ్వాలి. పురుగు కొరికిన ఆకు ఒక విధమైన వాసనను వెలువరించి బదనికలను పిలుచుకొంటుందని 1990లో అమెరికా శాస్త్రజ్ఞులు మొక్కజొన్నపై చేసిన ప్రయోగాలలో నిరూపించారు. మూగదనుకొన్న మొక్క తన రక్షకులను తానే పిలుస్తున్నది. ఆ పిలుపు విని వచ్చేవారిని చంపకుండా ఉండడమే మన వంతు.

మన పూర్వులు మట్టిగూటిని చూసి ధ్యానమహిమను కీర్తించారు. మనం ఆ గూటిలోపలికి తొంగిచూసి ప్రకృతి ధర్మాన్ని తెలుసుకొన్నాము. అయినా ఆ న్యాయం చెప్పిన హితవు ఇప్పటికీ వర్తిస్తుంది. నిరంతరం విషాన్నే తలచినవాని చేను విషమయమైంది. తలపు మార్చుకొని, మందు పట్టే చేతితో ముందుగా ఆకును త్రిప్పి చూసిన రైతుకు అక్కడ ఒక మిత్రుడు కనిపిస్తాడు.

కఠిన పదాలు – అర్థాలు

ఝుంకారం : తుమ్మెద చేసే ధ్వని
దృష్టాంతం : ఉదాహరణ
బదనిక : మరొక దాని నాశ్రయించి, దాని సారంతో బ్రతికేది
పరభక్షకం : ఇతర ప్రాణులను చంపి తినేది
సంక్రమించు : ఒకరి నుండి మరొకరికి చేరు
విజృంభించు : మితిమీరి చెలరేగు
ఉపద్రవం : ఆపద
పరిపాటి : అలవాటు, వాడుక

అభ్యాసం

I. క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. గుంటూరు, ప్రకాశం మండలాల ప్రత్తి రైతులు 1980లలో ఎదుర్కొన్న విపత్తుకు గల కారణాలను వివరించండి.
2. బదనికల జీవనవిధానాన్ని తెలిపి, వాటి వల్ల పైరుకు కలిగే మేలును వివరించండి.

II. క్రింది ప్రశ్నలకు అయిదారు పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. భ్రమరకీటన్యాయాన్ని, దానికి నేటి శాస్త్రం చెప్పిన వివరణను తెలపండి.
2. పరాన్నభుక్కు, పరభక్షకం, బదనికల మధ్య భేదమేమి?
3. "కావలివాణ్ణి చంపి దొంగను వెతికాను" అనే మాటలోని ఆంతర్యమేమి?
4. ట్రైకోకార్డుల వాడకంలో తీసుకోవలసిన జాగ్రత్తలేవి?

III. సంధులు
పరాన్నం = పర + అన్నం – సవర్ణదీర్ఘ సంధి
కీటకోపద్రవం = కీటక + ఉపద్రవం – గుణసంధి
ఏకైక = ఏక + ఏక – వృద్ధిసంధి
అత్యల్పం = అతి + అల్పం – యణాదేశ సంధి

IV. సమాసాలు
సస్యరక్షణ – సస్యముల యొక్క రక్షణ – షష్ఠీ తత్పురుష సమాసం
తీవ్రనష్టం – తీవ్రమైన నష్టం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

V. మీ పరిసరాలలోని ఒక చేనికో తోటకో వెళ్ళి, పెద్దల అనుమతితో పది ఆకులను త్రిప్పి చూసి, కనిపించిన గుడ్లను, పురుగులను, గూళ్ళను గురించి ఒక పుట వ్రాయండి.